చెల్లె దవడ నొప్పి

మా చెల్లె తన దవడను తానే గుద్దుకోవడం మొదలుపెట్టినప్పుడు, పిచ్చి ముదిరిందని మా వాడ వాడంతా తీర్మానించింది. మొదట అరచేత్తో కొట్టుకునేది. తర్వాత పిడికిలితో. ఆ తర్వాత మగ్గం గుంజ పక్కన కూర్చుని ఎడమ చెంపను దానికేసి మోదుకునేది. అమ్మ ఆ గుంజకు పాత బొంత చుట్టింది. చెల్లె బొంత లేని చోటు వెతుక్కుని మోదుకుంది.

అప్పటికి ఆమెకు ముప్పై దాటాయి. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదట. నడక ఆలస్యమైంది, మాట అంతకన్నా ఆలస్యమైంది. వచ్చిన మాటలు కూడా కొన్నే. అక్క, అమ్మ, బాపు, బువ్వ, వద్దు, పోదాం. నొప్పి అనే మాట మాత్రం రాలేదు. అన్నం గిన్నె చూపించి బువ్వ అని నేర్పవచ్చు. నొప్పిని దేన్ని చూపించి నేర్పుతారు?

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇల్లు. బాపు మగ్గం మీద కూర్చుంటే అమ్మ రాట్నం తిప్పి నూలును కండెలకు చుట్టేది. చెల్లెకు పది పన్నెండేళ్ల వయసులో, అమ్మ చేతుల వంక చూస్తూ చూస్తూ ఆ పని పట్టుబడింది. ఎవరూ నేర్పలేదు. పోగు ఎక్కడా వదులు కాకుండా, ఎక్కడా ఉబ్బకుండా చుట్టేది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో ఆ కండెనే పెడతారు. "మా చిన్నబిడ్డ చుట్టిన కండె నాడెల వేస్తే నీళ్ల లెక్క పారుతది" అని బాపు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. నాకు పెళ్లయి హనుమకొండలో ఉంటాను. మడికొండలో కొత్తగా వచ్చిన ఆఫీసుల్లో ఒకదానిలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఆదివారం ఆదివారం పుట్టింటికి వస్తే చెల్లె రాట్నం ఆపకుండానే "అక్క" అని నవ్వేది.

గుద్దుకోవడం మొదలైన కొన్నాళ్లకు ఎడమ చెంప ఉబ్బింది. అది చూసి అమ్మే ముందుగా అంది, "పన్ను నొస్తాందేమో బిడ్డా, జర సూపిద్దాం" అని. ఈ మాట నేను గుర్తు పెట్టుకున్నాను. చదువుకున్న వాళ్లు ఎవరూ అనకముందే అమ్మ అంది.

బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక పళ్ల దవాఖానకు తీసుకుపోయాం. కుర్చీలో కూర్చోబెట్టగానే పైనుంచి దీపం వెలిగింది. చెల్లె దిగ్గున లేచింది. బాపు ఒక భుజం, నా భర్త ఒక భుజం, అక్కడ పనిచేసే మనిషి కాళ్లు, నేను తల. డాక్టరు నోట్లోకి అద్దం పుల్ల పెట్టబోయాడు. చెల్లె అతని వేలు కొరికింది. ఆయన చెయ్యి విదిలించుకుని పెద్దగా అరిచాడు.

"నోరు తెరవనోళ్లను ఎందుకు తీసుకొచ్చిండ్రు? నా వేలు పోతే ఎవరిది జిమ్మెదారి? ముందుగాల సైకియాట్రీ డాక్టరుకు సూపియ్యుండ్రి. కంట్రోల్‌లకొచ్చినంక అప్పుడు సూద్దాం."

"సారూ, చెంప వాసింది గదా" అంది అమ్మ.

"వాపుకు గోళీలు రాస్త. కొట్టుకునుడు పంటితోని కాదమ్మా, అది తలకాయది."

గోళీలతో వాపు దిగిపోయింది. వాపు దిగింది గనుక పంటి సంగతి అయిపోయిందనుకున్నాం. కానీ కొట్టుకోవడం ఆగలేదు. అందుకని ఆయన పొమ్మన్న చోటికే పోయాం.

ఆ మానసిక వైద్యుడికి ఊళ్లో మంచి పేరు. బయట బెంచీల మీద చోటు దొరికేది కాదు. మా వంతు వచ్చేసరికి చెల్లె అలసిపోయి నా భుజం మీద తల పెట్టుకుంది. అమ్మ తనకు తెలిసినదంతా చెప్పింది. "సారూ, జొన్నరొట్టె తింటలేదు. మక్కకంకి అంటే పాణం పెట్టేది, ఇప్పుడు ముట్టుతలేదు. మెత్తగ పిసికి పెడితేనే తింటాంది, అదీ కుడిపక్కకే నములుతాంది." ఆయన తల ఎత్తకుండా రాసుకుంటూనే ఉన్నాడు.

"ఇట్లాంటి వాళ్లకు మొండితనం ఉంటదమ్మా. వయసు పెరిగే కొద్దీ పెరుగుతది. మందులు వాడుండ్రి."

ఎడమ వైపు నమలకపోవడం మొండితనం ఎట్లా అవుతుందో ఆయనను ఎవరూ అడగలేదు. అక్కడ అడగడానికి వ్యవధి ఉండదు. మేం ఇంకా కుర్చీలోంచి లేవకముందే తర్వాతి వాళ్లు లోపలికి వచ్చేశారు.

మందులు పనిచేశాయి. చెల్లె పొద్దంతా పడుకునేది. లేచినా చూపు ఎక్కడో ఉండేది. పెదవి చివరి నుంచి చొంగ కారుతుంటే అమ్మ కొంగుతో తుడిచేది. ఒళ్లు వచ్చింది. చేతులు వణకడం మొదలైంది. రాట్నం ముందు కూర్చోబెడితే పోగును పట్టుకోలేక, తన వేళ్లను తనే వింతగా చూసుకునేది. ఒక ఆదివారం మా మేనత్త వచ్చి చూసి, "మంచిగైంది గదనే, ఇప్పుడు సప్పుడే లేదు" అంది. మా వాళ్లకు చప్పుడు లేకపోతే చాలు, జబ్బు తగ్గినట్టే.

కానీ తెల్లవారుజామున, రాత్రి గోళీ పట్టు వదిలే వేళకు మూలుగు మొదలయ్యేది. చెయ్యి మళ్లీ దవడకు పోయేది. అమ్మ జంపఖానా అంచుకు వాడే నూలుపట్టీతో ఆ రెండు చేతులూ కలిపి కట్టేది. కట్టి, పక్కనే కూర్చుని ఆ కట్టిన చేతుల్ని తన ఒళ్లో పెట్టుకునేది. ఈ సంగతి చెప్తే డాక్టరు గోళీ పెంచాడు. మళ్లీ చెప్తే ఇంకొకటి కలిపాడు. అట్లా ఏడాది పైనే గడిచింది.

మా ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి ఒక రోజు తన కూతురు సంగతి చెప్పింది. సూది చూస్తేనే నేల మీద పడి దొర్లే పిల్ల, పంటికి వైద్యం చేయించుకుని నవ్వుకుంటూ వచ్చిందట. "గ్యాస్ పెట్టి చేసిండ్రక్కా. ముక్కుకు చిన్న మాస్కు పెడ్తరు. నిద్రేం పోదు, మెలకువతోనే ఉంటది. భయం ఒక్కటి పోతది" అంది. నేను పని ఆపేసి ఆ దవాఖాన ఎక్కడో అడిగాను. నేను ఉండే హనుమకొండలోనే. ఏడాదిగా ఆఫీసుకు పోతూ వస్తూ దాని ముందు నుంచే ఆటోలో తిరుగుతున్నాను.

ఇంట్లో చెప్తే బాపు లేచి నిలబడ్డాడు. "గ్యాసా? ఉన్న పాణం తీస్తరా ఏంది? ఇప్పుడు గోళీలతోని నడుస్తలేదా?"

"నడుస్తాందా బాపూ? సూడు జర" అన్నాను. చెల్లె గోడకు ఆనుకుని నోరు తెరిచి పడుకుని ఉంది. బాపు చూడలేదు. తల తిప్పుకుని మగ్గం గుంటలోకి దిగాడు. అంటే సరేనన్నట్టు.

అక్కడి డాక్టరు నాకంటే చిన్నది. చెల్లెను లోపలికి రమ్మనలేదు. తనే బయటకు వచ్చి, చెల్లె కింద కూర్చుంటే తనూ కింద కూర్చుంది. చేతిలో ముక్కుకు పెట్టే రబ్బరు మాస్కు ఉంది. దాన్ని ముందు తన ముక్కుకు పెట్టుకుంది, తర్వాత నా ముక్కుకు పెట్టింది, తర్వాత చెల్లె ఒళ్లో పెట్టి ఊరుకుంది. చెల్లె దాన్ని విసిరేసింది. డాక్టరు పోయి తెచ్చుకుంది.

"ఇది మత్తుసూది అసొంటిది కాదక్కా" అని నాకు చెప్పింది. "నైట్రస్ ఆక్సైడ్ అని, ఆక్సిజన్‌ల కలిపి ఇస్తం. పీల్చుకున్నంక ఒళ్లు తేలికైతది, గాబరా తగ్గుతది. నొప్పికి మల్ల పంటి కాడ సూది ఇచ్చుడు ఉంటనే ఉంటది. ఆఖరుకు ఉట్టి ఆక్సిజన్ ఇస్తే జరసేపట్ల మామూలైతది. కానీ ముక్కుతోనే ఊపిరి తీసుకోవాలె. బలవంతంగ అదిమి పెడితే పనిచెయ్యదు. ఆమె ఒప్పుకోవాలె."

ఒప్పుకోవాలె. మా చెల్లె గురించి ఆ మాట ఎవరి నోటా నేను అంతకుముందు వినలేదు. ఆమెను ఎత్తుకుపోయారు, పట్టుకున్నారు, కట్టేశారు, మింగించారు. ఒప్పుకుందా అని ఎవరూ అడగలేదు.

ఆమె చెల్లె వాడే గోళీల పేర్లన్నీ రాసుకుంది. ఆ గోళీలు వాడుతుండగా గ్యాస్ ఇవ్వడానికి ముందు గుండె, ఊపిరి ఒకసారి పెద్ద డాక్టరుకు చూపించుకుని రమ్మంది. మాస్కును మాకే ఇచ్చి, "ఇంట్ల ఆడుకోనియ్యుండ్రి. దానికి భయపడొద్దు, గంతే" అంది.

మా ఇంట్లో చాన్నాళ్లకు నవ్వు వినబడింది ఆ రోజుల్లోనే. అమ్మ మాస్కు పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. చెల్లె చూసింది గానీ దగ్గరికి రాలేదు. ఒక పొద్దున బాపు ఎవరూ చెప్పకుండానే దాన్ని ముక్కుకు తగిలించుకుని, మగ్గం మీద కూర్చుని నేయడం మొదలుపెట్టాడు. గ్యాసంటే పాణం తీస్తారన్న మనిషి. చెల్లె పడుకున్న చోటు నుంచి లేచి, పాకుతూ పోయి, బాపు ముఖం మీది మాస్కును లాగి తన ముక్కుకు పెట్టుకుంది. "అట్లనే, అట్లనే నా తల్లి" అంటూ బాపు అట్లాగే కూర్చుండిపోయాడు. ఆ సంగతి అమ్మ నాకు ఫోన్లో చెప్తూ ఏడ్చింది.

గుండె, ఊపిరి పరీక్షలు చేయించి, పంటి వైద్యానికి మొదటిసారి పోయిన రోజు చెల్లెకు జలుబు. ముక్కు మూసుకుపోయి ఉంటే గ్యాస్ లోపలికి పోదని డాక్టరు వెనక్కి పంపేసింది. మెట్లు దిగుతూ అమ్మ నా మీద విసుక్కుంది. "ఇంకెన్నిసార్లు తిప్పుతవే దాన్ని" అని. ఆమె కోపం నా మీద కాదని నాకు తెలుసు. అయినా తగిలింది.

జలుబు తగ్గాక మళ్లీ పోయాం. చెల్లె ఆ కుర్చీ ఎక్కడానికే చాలాసేపు పట్టింది. కుర్చీ చివర కూర్చుంది, దిగింది, మళ్లీ కూర్చుంది. డాక్టరు తొందర పెట్టలేదు. పైన దీపం వెలిగించలేదు. మాస్కును చెల్లె చేతికే ఇచ్చింది. చెల్లె తనే పెట్టుకుంది. గొట్టాల్లో సన్నగా గాలి చప్పుడు వచ్చింది. డాక్టరు కొంచెం కొంచెంగా పెంచుతూ, "మంచి వాసన వస్తాందా? పీల్చు, ఆ, గట్లనే" అంటూ ఉంది.

నేను చెల్లె చెయ్యి పట్టుకుని ఉన్నాను. మొదట అది ముడుచుకునే ఉంది. ఏడాది పైగా ఆ పిడికిలి నిద్రలో కూడా పూర్తిగా విడవడం నేను చూడలేదు. మెల్లగా ఒక్కో వేలూ వదులైంది. భుజాలు కిందికి జారాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూస్తూనే ఉన్నాయి, గోళీ వేసుకున్నప్పటి ఎక్కడో ఉన్న చూపు కాదు. నన్ను గుర్తుపట్టి చూస్తున్న చూపు. "అక్క" అంది, కొంచెం సాగదీసి. డాక్టరు నోరు తెరవమని తన నోరు తెరిచి చూపిస్తే చెల్లె తెరిచింది. నలుగురం కలిసి తెరిపించలేని నోరు.

డాక్టరు అద్దం పుల్లతో లోపలంతా చూసింది. తర్వాత సూది ఇచ్చింది. చెల్లె కనుబొమ్మలు ముడిచి, మళ్లీ వదిలేసింది. పన్ను తీయడానికి నేను భయపడ్డంత సేపు పట్టలేదు. అది వచ్చిన చోటు నుంచి చీము వచ్చింది. ఆ వాసన నేను ఇప్పటికీ మరచిపోలేదు. గుమ్మం దగ్గర నిలబడిన అమ్మ ముక్కు మూసుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. అట్లాగే చూస్తూ నిలబడింది.

మాస్కులోంచి ఒట్టి ఆక్సిజన్ పోతుండగా డాక్టరు మమ్మల్ని అడిగింది. "ఎన్ని రోజుల సంది ఉందక్కా ఈ నొప్పి?"

"ఏడాది దాటింది" అన్నాను.

"ఏడాదా?" ఆమె మా వైపు తిరిగింది. "లోపట ఎముక దాకా పోయింది. మనకైతే ఇది ఒక్క రాత్రి కూడ ఓర్చుకునే నొప్పి కాదు."

అమ్మ అక్కడే గోడకు ఆనుకుని కిందికి కూర్చుంది. "నేను ముందుగాలనే అన్న" అంది. "పన్నేమో అని అన్న. ఎవ్వరు ఇన్నరు నా మాట?" ఆమె గట్టిగా అనలేదు. ఎవరినీ ఉద్దేశించి కూడా అనలేదు. చెల్లె కుర్చీలోంచి లేచి కూర్చుని, దూదిని పంటి కింద పెట్టుకునే "పోదాం" అంది. అందరం కలిసి ఆటో ఎక్కాం. ఇంటికి పోయాక అమ్మ ఆ నూలుపట్టీని పొయ్యిలో పెట్టింది.

ఆ రోజు నుంచి చెల్లె దవడ కొట్టుకోలేదు. ఒక్కసారి కూడా.

తర్వాతి వారం మానసిక వైద్యుడి దగ్గరికి మళ్లీ పోవాల్సిన రోజు వచ్చింది. గోళీలు ఒక్కసారిగా ఆపకూడదని పళ్ల డాక్టరు చెప్పినందుకు పోయాం. నేను జరిగిందంతా చెప్పాను. పన్ను, చీము, ఎముక. ఆయన ఈసారి తల ఎత్తి చెల్లెను చూశాడు. చెల్లె నెమ్మదిగా కూర్చుని ఉంది.

"చూసిండ్రా, ఎంత కామ్‌గా కూర్చుందో. మందు పనిచేసింది. ఇంకో ఆరు నెలలు ఇట్లనే కంటిన్యూ చేయండి."

"సారూ, మందు కాదు సారు. పన్ను తీసినంకనే తగ్గింది."

"పన్ను తీయించుకునేటంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నవమ్మా? మందుతోనే గదా." ఆయన నవ్వాడు కూడా. కోపంతో కాదు, చిన్నపిల్లకు లెక్క నేర్పినట్టు. "మీరు నెట్‌ల చదివి వస్తరు. ఇవన్నీ మాకు వదిలెయ్యండి."

అరవాలనుకున్న మాటలన్నీ మెట్లు దిగాక గానీ నాకు రాలేదు. వాటిని ఇప్పటికీ స్నానం చేస్తూ, బస్సులో కూర్చుని, ఆయనతో అంటూనే ఉంటాను. ఆ రోజు మాత్రం చీటీ తీసుకుని, చెల్లె చెయ్యి పట్టుకుని బయటకు నడిచాను.

వేరే మానసిక వైద్యురాలిని వెతుక్కున్నాం. ఆమె నెలల తరబడి కొంచెం కొంచెంగా గోళీలు తగ్గించింది. చొంగ ఆగింది. చూపు వచ్చింది. చేతుల వణుకు తగ్గింది గానీ పోలేదు. పోతుందో పోదో ఆమె కూడా చెప్పలేకపోయింది. చెల్లె మళ్లీ రాట్నం ముందు కూర్చుంటుంది. చుట్టిన కండె ఒక చోట వదులు, ఒక చోట ఉబ్బు. నాడెలో వేస్తే పోగు తెగుతుంది. బాపు తెగిన పోగును ముడేసుకుని మళ్లీ నేస్తాడు. కండెలు బాగున్నాయనే చెప్తాడు ఆమెకు.

"ఇప్పుడు మంచిగనే ఉంది గద బిడ్డా, ఇంకెందుకు మనసుల పెట్టుకుంటవ్" అని ఆయన నాతో అంటాడు. నేను పెట్టుకోకుండా ఎట్లా ఉంటాను? అది తీరని జబ్బయి ఉంటే, వైద్యం ఏ దేశంలోనో ఉండి ఉంటే, ఏడ్చి ఊరుకునేదాన్ని. ముక్కుకు ఒక మాస్కు, కాస్త ఓపిక, అంతే. పిల్లలు కార్టూన్లు చూసుకుంటూ చేయించుకునే పని. దాని కోసం ఒక మనిషి ఏడాదికి పైగా చేతులు కట్టించుకుని మూలిగింది. ఇంత సులువుగా పోయే నొప్పి కాబట్టే నాకు ఇంత కోపం.

ఈ మధ్య పళ్లు శుభ్రం చేయించడానికి మళ్లీ తీసుకుపోయాం. ఇప్పుడు చెల్లె మెట్లు మా కంటే ముందే ఎక్కుతుంది. లోపల ఎవరో ఉన్నారని బయట కూర్చున్నాం. మా ఎదురు కుర్చీలో ఒకావిడ, మంచి చీర, చేతిలో పెద్ద ఫోను, చెల్లె వంక అదేపనిగా చూస్తోంది. చూసి చూసి అమ్మ వైపు వంగి, నెమ్మదిగా, జాలిగానే అడిగింది.

"ఏమనుకోకమ్మా, తెల్వక అడుగుతున్న. ఇట్లాంటోళ్లకు నొప్పి తెలుస్తదా?"

అమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఏదో పెద్ద మాట అంటుందనుకున్నాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"తెలుస్తది" అంది అమ్మ. "మనకు తెలిసినట్టే తెలుస్తది."

"అయ్యో పాపం" అంది ఆవిడ. అని, మళ్లీ ఫోను చూసుకోవడంలో పడింది. లోపలి నుంచి పిలుపు వచ్చింది. చెల్లె లేచి, మా కోసం ఆగకుండా, తలుపు తోసుకుని లోపలికి పోయింది.